ముగ్గురు అధికారులు, ఒక్క ఫైలు

(తిరుపతిలో సైన్స్ ఫిక్షన్, బోర్డ్ గేమ్స్ మిత్రులు ఒక ఆదివారం సాయంత్రం కలుసుకున్నప్పుడు, చిత్తూరు కోర్టుల్లో క్రిమినల్ కేసులు వాదించే ఒక సీనియర్ న్యాయవాది చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు అడిగారు కాబట్టి రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడినోళ్ళు ముందుకు రండి, ఇక్కడ కింద జంపఖానా పరిచుండారు, హాయిగా కూర్చోవచ్చు. మైకు వినపడతా ఉందా? సరే.

నన్ను ఎందుకు పిలిచారో మీలో కొంతమందికి అర్థం కాలేదు. ఆ ఫ్యాను కింద కూర్చున్న బాబు ఇందాకే పక్కనోడిని అడిగాడు, ‘లాయరు గారికి ఈ ఆటతో ఏం పని?’ అని. వినపడింది నాయనా, చెవులు ఇంకా బాగానే పనిచేస్తా ఉండాయి. పని ఏందంటే, మా ఆఫీసులో ఒక జూనియర్ ఉన్నాడు, మీ గుంపులోవాడే. పేరు చెప్పొద్దన్నాడు. ఒకరోజు పొద్దున కాజ్ లిస్టు, అంటే ఆ రోజు కోర్టు కేసుల జాబితా, చూస్తా చూస్తా, ‘సార్, జీన్‌స్టీలర్ కల్ట్ కేసు ఆర్డో జీనోస్‌దా, ఆర్డో హెరెటికస్‌దా?’ అని అడిగాడు. హైకోర్టు నుంచి కొత్త సర్క్యులర్ ఏమన్నా వచ్చిందేమో, నేను చూడలేదేమో అని ఒక్క క్షణం గుండె ఆగింది. తర్వాత తెలిసింది ఇది వార్‌హామర్ గొడవ అని. కానీ ప్రశ్న మాత్రం అచ్చం మా వృత్తి ప్రశ్నే. ఈ కేసు ఎవరి పరిధి? రోజూ మేం కొట్టుకునేది దీనిమీదే కదా. అందుకని చదవడం మొదలుపెట్టా. మానలేకపోయా.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను, తెలిసినవాళ్ళు ఈలోగా టీ తాగండి. వార్‌హామర్ 40,000 అనేది బల్లమీద చిన్న బొమ్మలతో ఆడే యుద్ధం ఆట. బ్రిటన్‌లో గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ 1987లో తెచ్చింది. మొదటి పుస్తకం రాసినాయన రిక్ ప్రీస్ట్‌లీ. పోను పోను ఆట కంటే ఆట చుట్టూ అల్లిన కథాలోకం పెద్దదైపోయింది. కాలం 41వ సహస్రాబ్ది. మనుషుల సామ్రాజ్యం, ఇంపీరియం అంటారు, దాదాపు 10 లక్షల గ్రహాలు. చక్రవర్తి 10 వేల ఏళ్ళుగా బంగారు సింహాసనం మీదే ఉన్నాడు. బతికున్నాడా అంటే ఉన్నాడు, లేడా అంటే లేడు. మాట్లాడడు, ఆర్డరు వేయడు. అందరూ ఆయన పేరు చెప్పే పనిచేస్తారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇప్పుడు ఒక గ్రహం మీద దొంగతనం జరిగింది. ఎవరు చూస్తారు? ఆ గ్రహం గవర్నరు కింద లోకల్ పోలీసులు ఉంటారు, ఎన్‌ఫోర్సర్లు. సరే, గవర్నరే సామ్రాజ్యానికి కట్టాల్సిన కప్పం ఎగ్గొట్టాడు. అప్పుడెవరు? అడెప్టస్ ఆర్బిటీస్. వాళ్ళకు లోకల్ దొంగతనాలు పట్టవు, సామ్రాజ్య చట్టం ఒక్కటే పడుతుంది. ఇంతవరకు మనకు తెలిసిన వ్యవహారమే. రాష్ట్రం, కేంద్రం, అంతే కదా? దీనిపైన ఇంకొకటి ఉంది. ఇంక్విజిషన్.

ఇంక్విజిటర్ అంటే దర్యాప్తు అధికారి అనుకోండి. కానీ ఎలాంటి అధికారి? జేబులో రోసెట్ అని ఒక ముద్ర ఉంటుంది. అది బయటికి తీస్తే గవర్నరు లేచి నిలబడాలి, సైన్యం కదలాలి, ఓడలు దారి మళ్ళాలి. దర్యాప్తు ఆయనే, తీర్పు ఆయనే, అమలు ఆయనే. అవసరమనుకుంటే గ్రహాన్ని గ్రహంగా లేపేయమని ఆర్డరు వేయొచ్చు. ఎక్స్‌టెర్మినాటస్ అంటారు. ఆయనకు పైఅధికారి ఎవరు? చక్రవర్తి ఒక్కడే. చక్రవర్తి మాట్లాడడని ఇప్పుడే కదా అనుకున్నాం!

ఈ ఇంక్విజిటర్లు మూడు పెద్ద శాఖలుగా ఉంటారు. ఆర్డో మాలియస్ డీమన్లను వేటాడుతుంది. డీమన్లు అంటే వార్ప్ అనే పరలోకం నుంచి ఈవలికి చొరబడే శక్తులు. ఆర్డో హెరెటికస్ మనిషిలో పుట్టే ద్రోహాన్ని చూస్తుంది: మతద్రోహులు, ఒళ్ళు వికారంగా మారిన మ్యూటంట్లు, లైసెన్సు లేని సైకర్లు. సైకర్లను మన మాటలో మంత్రగాళ్ళనుకోండి. ఆర్డో జీనోస్ గ్రహాంతర జాతుల సంగతి చూస్తుంది. ఒక్కో ఆర్డోకు అండగా ఒక్కో సేన ఉంది. మాలియస్‌కు శనిగ్రహపు చందమామ టైటన్ మీద ఉండే గ్రే నైట్స్, హెరెటికస్‌కు సిస్టర్స్ ఆఫ్ బాటిల్, జీనోస్‌కు వేరే వేరే దళాల నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన స్పేస్ మెరీన్లతో, అంటే సామ్రాజ్యపు మహాయోధులతో, కూర్చిన డెత్‌వాచ్. చిన్న చిన్న ఆర్డోలు ఇంకా ఉన్నాయి. హంతకుల శాఖ మీద కన్నేసి ఉంచడానికి ఆర్డో సికేరియస్, లేచి తిరిగే శవాల తెగులు కోసం ఆర్డో సెపల్చురమ్. వాటి జోలికి ఈరోజు పోను.

మా జూనియర్ దీనికి ఒక పట్టిక గీసి తెచ్చాడు. మూడు గళ్ళు, మూడు రంగులు. డీమన్ అయితే ఇక్కడ, మంత్రగాడైతే ఇక్కడ, గ్రహాంతరుడైతే ఇక్కడ. ముచ్చటగా ఉంది. అరె అబ్బోడా, చించెయ్ దాన్ని అన్నాను. ఎందుకన్నానో చెప్తాను.

దర్యాప్తు పనిని పంచడానికి మనకు తెలిసిన పద్ధతులు రెండు. ఒకటి చోటు. ఈ మైలురాయి వరకు ఈ స్టేషను, ఆ పక్క ఇంకో స్టేషను. రెండోది చట్టం. 2008లో ఎన్‌ఐఏ చట్టం చేసినప్పుడు వెనకాల ఒక షెడ్యూలు పెట్టారు. ఆ షెడ్యూల్లో ఉన్న నేరమైతే రాష్ట్రం కేంద్రానికి రాయాలి, అది ఎన్‌ఐఏకి ఇవ్వదగ్గ కేసా కాదా అని కేంద్రం 15 రోజుల్లో తేల్చాలి. సీబీఐ ఉంది, 1946 నాటి ఢిల్లీ స్పెషల్ పోలీస్ చట్టం కింద పనిచేస్తుంది, మామూలుగా రాష్ట్రం ఒప్పుకుంటేనే గడప లోపల కాలు పెట్టాలి. చూశారా, ఎక్కడో ఒకచోట కాగితం మీద గీత ఉంటుంది. గీత దాటితే నాలాంటోడు కోర్టులో లేచి, ‘అయ్యా, వీళ్ళకు అధికారం లేదు’ అంటాడు. సగం కేసుల్లో మా తిండి అదే, నవ్వకండి.

ఇంక్విజిషన్‌లో పని పంచింది చోటును బట్టి కాదు, చట్టాన్ని బట్టి అంతకంటే కాదు. శత్రువును బట్టి. పైగా ఆ పంపకం అధికారానికి వర్తించదు. ఇది మా జూనియర్ పట్టికలో లేని ముక్క. జీనోస్ ఇంక్విజిటర్ ఒక మంత్రగాడిని పట్టుకుని కాల్చేస్తే, ‘నీకు అధికారం లేదు’ అనే నాథుడు లేడు. రోసెట్ మీద ‘కేవలం గ్రహాంతర కేసులకు’ అని రాసుండదు. ఆర్డో అంటే ఆయన దేంట్లో ఆరితేరాడు అన్నదే. గుండె డాక్టరు జ్వరానికి మందు రాయకూడదని చట్టం ఉందా? అట్లాగన్నమాట. మాలియస్‌లో చేరినాయనకు డీమన్ల గ్రంథాలు చదివే వీలుంటుంది, గ్రే నైట్స్‌తో పరిచయం ఉంటుంది, ఆ దారిలో గురువు ఉంటాడు. అంతవరకే. గీతే లేనప్పుడు గీత దాటడం యాడుంటుంది?

మరి గొడవ ఎందుకొస్తుంది? శత్రువు ఒక రూపంలో ఉండడు కాబట్టి. మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి చెప్తా. శేషాచలం అడవిలో ఎర్రచందనం చెట్టు కొట్టారు. రిజర్వు ఫారెస్టు కాబట్టి అటవీశాఖ కేసు. దుంగలు మోసుకుని కిందికి దిగి వ్యాన్లో ఎక్కించి రోడ్డు మీదికి వచ్చారు, అక్కడ పట్టుకున్నది పోలీసులు. ఈ పనికే పెట్టిన టాస్క్‌ఫోర్సు మన తిరుపతిలోనే ఉంది, వాళ్ళూ వస్తారు. ఎట్లో తప్పించుకుని చెన్నై హార్బరు చేరి కంటెయినర్లో ఇంకేదో సరుకు వెనకాల దాక్కుందా, కస్టమ్స్, దొంగరవాణా మీద నిఘా పెట్టే డీఆర్‌ఐ. అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఎర్రచందనం ఉంది, కాబట్టి అంతర్జాతీయ వ్యవహారం. డబ్బు ఎట్ల తిరిగిందో చూడాలంటే ఈడీ. దుంగ ఒకటే, చూడండి. అదే దుంగ. కదిలే కొద్దీ పేరు మారుతుంది: అటవీ ఉత్పత్తి, దొంగసొత్తు, నిషిద్ధ ఎగుమతి, మనీ లాండరింగ్. దుంగలు పట్టుబడినప్పుడు వీఆర్వోను పిలిపించి మధ్యవర్తుల నివేదిక రాయిస్తారు కదా, దాంట్లో ఎవరు ముందు చూశారు, ఎవరు నంబర్లు వేశారు, ఎవరు సీలు వేశారు అన్న దగ్గర నేను పట్టుకుంటా. ఇద్దరు అధికారులు రెండు రకాలుగా చెప్పారంటే నా ముద్దాయి ఆ సందులోంచి ఇంటికి పోతాడు. ఇంకో సంగతి, 1967 అటవీ చట్టం కింద వ్యాను జప్తు అటవీ అధికారి చేతిలో పని, శిక్ష కోర్టు చేతిలో పని. ఒకే రాత్రి జరిగిన ఘటనకు రెండు దారులు, రెండు ఫైళ్ళు.

ఇప్పుడు జీన్‌స్టీలర్ కల్ట్ దగ్గరికి వద్దాం. ఈ లోకంలో నాకు అన్నిటికంటే నచ్చిన కేసు ఇదే. నచ్చడం అంటే, వృత్తిపరంగా.

ఒక గనుల గ్రహం అనుకుందాం. జీన్‌స్టీలర్ అనేది టైరనిడ్ అనే గ్రహాంతర జాతిది, నాలుగు చేతులు, గోళ్ళు. ఒక్కటి ఎట్లో ఓడలో ఎక్కి ఇక్కడ దిగింది. మనుషుల్ని చంపి తినేస్తే కేసు తేలిక, జీనోస్‌ది, అయిపోయింది. కానీ అది చంపదు. ఒక గనికూలీని పట్టుకుని వాడి ఒంట్లోకి తన బీజం ఎక్కిస్తుంది. వాడు పొద్దున్నే లేచి మామూలుగానే డ్యూటీకి పోతాడు. వాడికి పుట్టే బిడ్డ మాత్రం మామూలు బిడ్డ కాదు. మొదటి తరం చూడలేం. రెండో తరం, మూడో తరం కొంచెం కొంచెం మనిషి పోలిక. నాలుగో తరం వచ్చేసరికి మనిషే. టోపీ పెట్టుకుంటే, వెలుతురు తక్కువైతే, ఎవరూ గుర్తుపట్టరు. వీళ్ళందరి మనసుల్ని ఒకే తాడు కట్టినట్టు కడుతుంది మొదట దిగిన ఆ జీవి. దాన్ని పేట్రియార్క్ అంటారు. బయట మాట్లాడటానికి మనిషిలాగే ఉండే ఒక నాయకుడు ఉంటాడు, మేగస్. వాడు సైకర్. వీళ్ళు పూజించేది ఎవర్ని? చక్రవర్తినే! కాకపోతే వాళ్ళ చక్రవర్తికి నాలుగు చేతులు. మన నేలలో కూర్చుని నాలుగు చేతుల దేవుడు అనగానే మనకేమీ తప్పుగా అనిపించదు, ఏడుకొండల మీద ఉన్న స్వామికి ఉన్నవి నాలుగే కదా. ఇంపీరియంలో మాత్రం ఆ అదనపు రెండు చేతులు ఉరిశిక్ష.

ఇప్పుడు ఫైలు మొదలవుతుంది. మొదట ఎవరి బల్ల మీద? లోకల్ ఎన్‌ఫోర్సర్ బల్ల మీద. ఏమని? ‘గని కార్మికుల సంఘంలో గుట్టు ఎక్కువగా ఉంది, రాత్రిళ్ళు మీటింగులు పెడుతున్నారు’ అని. లేబర్ గొడవ. పక్కన పెట్టేస్తాడు. పై ఏడాది ఖనిజం కోటా తగ్గింది, కప్పం తగ్గింది. ఆర్బిటీస్ వచ్చారు. వాళ్ళకు ఇది పన్ను ఎగవేత, తిరుగుబాటు అనుమానం. ఆ తర్వాత గుడి పూజారి ఒకాయన రాశాడు, ఫలానా వాడలో చక్రవర్తి విగ్రహానికి చేతులు ఎక్కువున్నాయని. ఇప్పుడిది హెరెటికస్ బల్ల మీదికి వచ్చింది. హెరెటికస్ అధికారి దిగాడు. ఆయనకు ఏం కనిపించింది? మతద్రోహం కనిపించింది. వికార శరీరాల కూలీలు కనిపించారు, మ్యూటంట్లు. మేగస్ కనిపించాడు, లైసెన్సు లేని సైకరు. ఆయన చెక్‌లిస్టులో మూడుకు మూడూ టిక్కే! ‘నా కేసు’ అన్నాడు. తప్పుందా? తప్పులేదు. కాల్చమన్నాడు, సిస్టర్లు వచ్చారు, మంట పెట్టారు, మేగస్ పోయాడు. కేసు క్లోజ్.

క్లోజా?

పేట్రియార్క్ ఇంకా గని అడుగున ఉంది. జీనోస్ ఆయన వచ్చి అడిగే ప్రశ్నే వేరు. ‘ఇది ఎంత పాతది?’ అంటాడు. ఎందుకంటే కల్ట్ పెరిగి పెద్దదైతే వాళ్ళ మనసులన్నీ కలిసి అంతరిక్షంలోకి ఒక పిలుపు పోతుంది. ఆ పిలుపు విని టైరనిడ్ల దండు, హైవ్ ఫ్లీట్, ఇటు తిరుగుతుంది. వచ్చాక అది గ్రహంలో గడ్డిపోచ కూడా మిగల్చదు. తనను పిలిచిన భక్తుల్ని కూడా మింగేస్తుంది. జీనోస్ అధికారికి కావాల్సింది మేగస్ ప్రాణాలతో. ఎన్ని తరాలు, ఏ ఓడలో దిగింది, ఇంకా ఏ గ్రహాలకు ఖనిజం బండ్లలో పోయింది, ఇవన్నీ చెప్పగలిగినోడు వాడొక్కడే. వాడ్ని హెరెటికస్ ఆయన నిన్ననే కాల్చేశాడు.

చెప్పండి, ఎవరిది తప్పు? ఇద్దరూ తమ పని తాము చేశారు. ఇద్దరికీ అధికారం ఉంది. సాక్ష్యం మాత్రం బూడిదైపోయింది. ఏ మాత్రం అనుభవం ఉన్న సీఐని అడిగినా చెప్తాడు, ఇట్లాంటి కేసులో మొదట ఎవరు అడుగుపెట్టారన్న దాని మీదే మిగతాదంతా ఆధారపడుతుందని. నేరం స్వభావాన్ని బట్టి అధికారి రావడం లేదక్కడ. మొదట వచ్చిన అధికారిని బట్టి నేరం పేరు స్థిరపడుతోంది. పూజారి కంటే ముందు గని డాక్టరు రాసుంటే ఇదే ఫైలు జీనోస్‌కు పోయుండేది.

మాలియస్, హెరెటికస్ మధ్య గొడవ ఇంకా సన్నది, దాన్ని త్వరగా చెప్పేస్తా. లైసెన్సు లేని సైకరు పిల్ల ఒకతె ఉంది. హెరెటికస్ కేసు. సైకర్ల మనసు వార్ప్‌కు తెరిచిన కిటికీ. ఆ కిటికీలోంచి డీమన్ దూరింది. మాలియస్ కేసు. ఏ నిమిషంలో కేసు చేతులు మారింది? దూరకముందు చంపితే ఒక శాఖ, దూరాక చంపితే ఇంకో శాఖ. ఆ పిల్లకు రెండింటికీ తేడా ఏమీ లేదనుకోండి.

ఇప్పుడు, మీరు అడగాలి. అడగడం లేదు, నేనే అడుగుతా. ఇంత తెలివైన సామ్రాజ్యం ఈ గందరగోళాన్ని ఎందుకు సరిచేయలేదు? 10 వేల ఏళ్ళు టైముంది కదా. ఒక గీత గీయొచ్చు కదా.

దీనికి బయటి జవాబు ఒకటుంది, లోపలి జవాబు ఒకటుంది. బయటి జవాబు వ్యాపారం. తొలిరోజుల్లో మాలియస్ అంటే ఇంక్విజిషన్ లోపలే దాగిన ఒక రహస్య శాఖ, అంతే. 2003 ప్రాంతంలో డీమన్ వేటగాళ్ళకు ఒక సైన్యం పుస్తకం, మంత్రగాళ్ళ వేటగాళ్ళకు ఇంకో సైన్యం పుస్తకం వచ్చాయి. ఒక్కో ఆర్డోకు ఒక్కో సేన, ఒక్కో బొమ్మల డబ్బా. పట్టిక చక్కగా కనబడటానికి అదీ ఒక కారణమని నా అనుమానం. డబ్బాల మీద గీత ఉంది కాబట్టి కథలో కూడా ఉందనుకుంటాం.

లోపలి జవాబు నాకు ఎక్కువ ఇష్టం. 36వ సహస్రాబ్దిలో గోజ్ వాండైర్ అని ఒకడున్నాడు. సామ్రాజ్యం లెక్కలూ పాలనా చూసే అడ్మినిస్ట్రాటమ్‌కు అధిపతి. ఆయన మతపీఠాన్ని కూడా లాక్కున్నాడు. రెండు కుర్చీలు, ఒక మనిషి. ఆ పాలనకు పెట్టిన పేరే రక్తపు పాలన. చివరికి ఆయన సొంత అంగరక్షక దళం నాయకురాలు అలీసియా డొమినికా చేతిలోనే పోయాడు. ఆ దెబ్బ తర్వాత మతపీఠం కింద మగవాళ్ళ సైన్యం ఉండకూడదని శాసనం వచ్చింది. అందుకే ఆడవాళ్ళ సైన్యం పెట్టుకున్నారు, ఇందాక చెప్పిన సిస్టర్స్ ఆఫ్ బాటిల్ అదే, చట్టంలో సందు ఎట్లా వెతకాలో వాళ్ళను చూసి నేర్చుకోవాలి. మతపీఠం మీద కన్నేసి ఉంచడానికి పుట్టిందే ఆర్డో హెరెటికస్. అంటే ఏమిటి? అధికారమంతా ఒకచోట చేరితే ఏమవుతుందో చూసినవాళ్ళు, కావాలనే ఒకరి మీద ఒకరిని పెట్టారు. పరిధులు కలిసిపోతాయని తెలిసే పెట్టారు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మన దగ్గర అటవీశాఖ, పోలీసులు, కస్టమ్స్ ఎంత కొట్టుకున్నా, చివరికి అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. రాజ్యాంగం 22వ అధికరణం. ఎఫ్‌ఐఆర్ కాపీ వెంటనే మెజిస్ట్రేటుకు పోవాలి. అన్ని వాగులూ వచ్చి కలిసే చోటు ఒకటుంది. అక్కడ ఎవరో ఒకరు కూర్చుని ‘నువ్వు ఏ అధికారంతో చేశావు?’ అని అడుగుతారు. అందుకే మనకు పరిధి గొడవ చిరాకే కానీ ప్రమాదం కాదు. ఇంపీరియంలో ఆ కుర్చీ ఖాళీ. కుర్చీ ఉంది, బంగారంతో చేశారు, దాంట్లో మనిషి కూడా ఉన్నాడు. మాట్లాడడు, అంతే. మరి ఇంక్విజిటర్‌ను ‘ఏ అధికారంతో చేశావు?’ అని ఎవరు అడగాలి? ఇంకో ఇంక్విజిటరే అడగాలి. వేరే ఆర్డో నుంచి, వేరే కళ్ళతో చూసేవాడు అడగాలి. పరిధులు కలవకుండా గోడలు కట్టేశారనుకోండి, ఆ అడిగేవాడు కూడా పోతాడు. అందుకే పట్టిక చించేయమన్నది.

క్రిప్ట్‌మాన్ సంగతి మీకు తెలుసు. జీనోస్ ఇంక్విజిటర్. టైరన్ గ్రహం నాశనమైనప్పుడు ఆ శిథిలాల్లో దొరికిన సమాచారంతో ఈ జాతిని ప్రపంచానికి చూపించింది ఆయనే. టైరనిడ్ అన్న పేరు ఆ గ్రహం పేరు మీద వచ్చిందే. ఆ తర్వాత లెవియాథన్ అనే పెద్ద దండు వచ్చినప్పుడు ఆయన ఏం చేశాడు? అది తిండి తిని పెరుగుతుంది కాబట్టి, తిండి లేకుండా చేద్దామని, దాని దారిలో ఉన్న మనుషుల గ్రహాల్ని తనే ముందుగా నాశనం చేయించాడు. ఒకటి కాదు, వరసగా. లెక్క ప్రకారం ఆయన చేసింది తప్పని ఎవరూ తేల్చలేరు. అధికారం లేదని కూడా అనలేరు. అయినా తోటి ఇంక్విజిటర్లే కూర్చుని ఆయన్ని ద్రోహిగా ప్రకటించారు. ఆయన ఆగాడా? ఆగలేదు. జీన్‌స్టీలర్లను పట్టి ఆర్క్‌లనే ఇంకో గ్రహాంతర జాతి రాజ్యంలో వదిలి, వాటి పిలుపుతో దండును అటు మళ్ళించాడు. జీనోస్ అధికారి ఆయుధంగా వాడింది జీనోస్‌నే! పట్టికలో ఏ గడిలో పెడతావురా దీన్ని? అటు వెనక్కి తిరగకు, నిన్నే.

డాన్ ఆబ్నెట్ రాసిన ఐసెన్‌హార్న్ నవలలు కూడా ఈ కోవలోనివే, మొదటి మూడు నవలలకు మూడు ఆర్డోల పేర్లే పెట్టాడు. ఆయన పాత్ర జీనోస్ మనిషి. చివరికి ఒక డీమన్ను మనిషి ఒంట్లో బంధించి పనికి వాడుకునే దాకా పోతాడు. ఎట్లా పోయాడో చెప్పను, చదవనివాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు.

అయితే ఈ ఏర్పాటు బాగుందని నేను అనడం లేదు. దీనికి మామూలు జనం ఎంత ఇచ్చుకుంటారో కూడా చెప్పాలి. ఆర్మగెడాన్ అనే గ్రహం మీద జరిగిన మొదటి యుద్ధం. ఒకప్పుడు చక్రవర్తి సేనాని, తర్వాత డీమన్ అయిపోయిన ఆంగ్రాన్ వచ్చిపడ్డాడు. స్పేస్ వుల్ఫ్స్ అనే స్పేస్ మెరీన్ల దళం, గ్రే నైట్స్, స్థానిక సైనికులు, అక్కడి జనం, అందరూ కలిసి తరిమికొట్టారు. గెలిచారు. గెలిచాక ఏం జరిగింది? డీమన్లు ఉన్నాయన్న సంగతే జనానికి తెలియకూడదు. చూసినవాళ్ళు ఎంతమంది? ఊళ్ళకు ఊళ్ళు. బతికి బయటపడ్డవాళ్ళకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసి పనిశిబిరాలకు తోలేశారు, ఆ నేలకు కొత్త జనాన్ని తెచ్చి పోశారు. పక్కన నిలబడి పోరాడిన స్పేస్ వుల్ఫ్స్ దీన్ని ఒప్పుకోలేదు, వాళ్ళ నాయకుడు లోగన్ గ్రిమ్నార్ ఎదురుతిరిగాడు. నెలల తరబడి సొంతవాళ్ళ మధ్యే యుద్ధం. నాకు రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఈ భాగమే. మా కోర్టులో సాక్షిని కాపాడుకోవాలి, హోస్టైల్ కాకుండా చూసుకోవాలి, బత్తా ఇచ్చి పంపాలి. అక్కడ సాక్షే నేరం జరిగిన చోటు. చూసిన కళ్ళను తుడిచేస్తే తప్ప ఫైలు మూతపడదు.

కాబట్టి నా గొడవ పరిధులు కలిసిపోవడం మీద కాదు. కాగితం దాచడం మీద. మాలియస్ తన ఫైలు హెరెటికస్‌కు చూపించదు. జీనోస్ నమూనాలు ఎక్కడ పెట్టిందో మాలియస్‌కు చెప్పదు. ఒకే శాఖలో గురువు రాసింది శిష్యుడికి కూడా గురువు పోయాకే దొరుకుతుంది. ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండాలంటే ఒకరి కాగితం ఒకరికి కనపడాలి కదా? మన దగ్గర ఛార్జిషీటు వేశాక ముద్దాయికి కూడా కాపీలు ఇవ్వాలి. ఆఖరి పేజీ దాకా. ఇవ్వకపోతే నేను ఊరుకోను.

ఎవరో చెయ్యెత్తారు, చెప్పమ్మా. ఆ... ‘మీరైతే ఏ ఆర్డోలో చేరతారు సార్?’ నేను డిఫెన్సు వకీలునమ్మా. మూడు ఆర్డోలూ కలిసి ఒకే అభిప్రాయానికి వచ్చే కేసు ఏదన్నా ఉందంటే అది నాదే. మొదట నన్ను కాల్చి, తర్వాత కొట్టుకుంటారు.

ఇంకొకరు... అవును, డార్క్ హెరెసీలో ఇది ఎట్లా ఆడాలి అంటున్నాడు. మంచి ప్రశ్న. ఈ లోకంలోనే పాత్రలు వేసుకుని ఆడే ఆట, 2008లో వచ్చింది. దాంట్లో మీరు ఇంక్విజిటర్లు కూడా కాదు, ఆయన కింద పనిచేసే అకోలైట్లు. అంటే కానిస్టేబుళ్ళు. పైన ఎవరు ఎవరితో కొట్టుకుంటున్నారో మీకు చెప్పరు, దెబ్బలు మాత్రం మీకు పడతాయి. మామూలుగా అందరూ ఒకే ఇంక్విజిటర్ మనుషులుగా ఆడతారు. అట్లా వద్దు. వచ్చే ఆదివారం ముగ్గురు ముగ్గురుగా చీలి, ఒక్కో జట్టు ఒక్కో ఆర్డో కింద ఆడండి. గనుల గ్రహం ఫైలు నేనే రాసి మూడు కవర్లలో పెట్టి తెస్తా. ఒక కవర్లో పూజారి ఉత్తరం, ఒకదాంట్లో గని డాక్టరు రిపోర్టు, ఇంకోదాంట్లో ఖనిజం బండ్ల రిజిస్టరు. ఒకరి కవరు ఒకరు చూడకూడదు. చూడాలనుకుంటే అడగండి, బేరమాడండి, దొంగతనం చేయండి, అది మీ ఇష్టం. పదిముఖాల పాచికలు రెండేసి తెచ్చుకోండి, పోయినసారి నా పాచికలు ఎవరో తీసుకుపోయారు, ఇంకా తిరిగి రాలేదు. ఆ కేసు ఏ ఆర్డోదో తెలియదు కానీ ముద్దాయి ఈ హాల్లోనే ఉన్నాడు.